కోడెదూడ ఖరీదు: అవని పరస చెప్పే చరిత్ర



ఈమధ్య ఒకరోజు తొమ్మిదో తరగతిలో మైసూరు రాజ్యచరిత్ర పాఠం చెబుతున్నాను. హైదర్ అలీ సేనల వేగం గురించి, ఆయన ఫిరంగులను లాగిన ఎద్దుల గురించి చెప్పేసరికి వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, నిన్న మా ఆవు ఈనింది. కోడెదూడ. మా నాయన ముఖం ముడుచుకొని కూర్చున్నాడు. మా అవ్వేమో, మా కాలంలో కోడెదూడ పుడితే ఊరికి బెల్లం పంచేవాళ్ళం అంటుంది. ఇద్దరిలో ఎవరిది సరి సార్?" అని అడిగింది. పిల్లలంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు పాఠ్యపుస్తకంలో లేదు. ఆ జవాబును వెతుక్కుంటూ పోతే నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఎదురైంది. ఈనాటి నా ప్రసంగం ఆ పిల్లకు చెప్పుకున్న జవాబే అనుకోండి.

మాది కోలారు జిల్లా ముళబాగిలు తాలూకా. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మా తాలూకాలో అవని అనే ఊరు ఉంది. వాల్మీకి ఆశ్రమం ఇక్కడే ఉండేదనీ, సీతమ్మ లవకుశులను కన్నది ఇక్కడేననీ మా పెద్దలు చెబుతారు. నొళంబ రాజుల కాలపు రామలింగేశ్వరుని గుళ్ళు కొండ కింద ఉన్నాయి. మహాశివరాత్రికి అక్కడ పెద్ద దనాల పరస జరుగుతుంది. దనాలు అంటే పశువులు. పరస అంటే మీలో కొందరు జాతర అంటారు, కొందరు తిరునాళ్ళు అంటారు, సంత అంటారు. హోసూరు, కృష్ణగిరి వైపు వాళ్ళు, చిత్తూరు వాళ్ళు, అనంతపురం వాళ్ళు, మావాళ్ళు అందరూ ఆ పరసలో కలుసుకునేవాళ్ళు. భాషలు మూడైనా బేరం ఒక్కటే.

ఆ బేరం దేనికి జరిగేది? ఎక్కువగా కోడెదూడలకే. పుట్టిన దూడకు పెద్దగా ధర ఉండదు. దాన్ని మేపి, సాకి, పని నేర్పి, జత కలిపి అమ్మితే ధర వస్తుంది. పుట్టిన నాటి ధరకూ, కాడి మోసేనాటి ధరకూ మధ్య ఉన్న తేడా ఎవరి కష్టం? ఆ తేడా ఎవరి చేతికి చేరింది? పశువుల వ్యాపారం చరిత్ర అంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

మొదట రాజులు ఈ పని ఎలా చేశారో చూద్దాం.

విజయనగర సామ్రాజ్యం తరఫున శ్రీరంగపట్నంలో రాజప్రతినిధులు ఉన్న కాలంలోనే, అంటే పదహారో శతాబ్దం చివరిభాగంలో, అక్కడ ఒక ఆవుల మంద ఉండేది. దాన్ని కరుహట్టి అనేవారు. కన్నడంలో కరు అంటే దూడ, హట్టి అంటే మంద ఉండే చోటు. విజయనగరం నుంచి తెచ్చిన ఆవులతో ఆ మంద మొదలైంది. తరువాత మైసూరు ఒడెయర్లు దాన్ని పెంచారు. 1673 నుంచి 1704 వరకు పాలించిన చిక్కదేవరాజ ఒడెయర్ దాన్ని ఒక ప్రభుత్వశాఖగా చేసి బెన్నె చావడి అని పేరు పెట్టాడు. బెన్నె అంటే వెన్న. పేరుకు వెన్న శాఖే గాని, ఆ మందల నుంచి రాజుకు దక్కిన అసలు సొత్తు కోడెదూడలు. మందలు మేయడానికి రాజ్యమంతటా గడ్డి బీళ్ళు కేటాయించారు. వాటికి కావళ్ళు అని పేరు. వేసవికి వేరే కావలి, వానాకాలానికి వేరే కావలి, చలికాలానికి వేరే. మంద ఏడాది పొడవునా ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతూ ఉండేది.

హైదర్ అలీకి ఈ దూడల విలువ బాగా తెలుసు. ఫిరంగి ఎంత పెద్దదైనా దాన్ని లాగే ఎద్దు లేకపోతే అది ఇనుప ముద్ద. పాళెగాళ్ళను లొంగదీసుకున్నప్పుడు వాళ్ళ మేలుజాతి మందలను కూడా తన మందల్లో కలుపుకొన్నాడు. హళ్ళికార్, హాగలవాడి, చిత్రదుర్గం మందలు మూడూ కలిసి ఆ జాతి స్థిరపడింది. రెండో మైసూరు యుద్ధంలో చిదంబరాన్ని కాపాడుకోవడానికి ఆయన సేన రెండున్నర రోజుల్లో నూరు మైళ్ళు, అంటే 160 కిలోమీటర్లు, ఫిరంగులతో సహా నడిచిందని చరిత్రకారులు రాశారు. ఆ నడక ఎద్దులది. టిప్పు సుల్తాన్ ఈ శాఖ పేరును అమృత మహల్ అని మార్చి, మందలను ఎలా మేపాలో, ఎలా సాకాలో హుకుంనామా రాయించాడు. ఏటా మందల లెక్క జరిగేటప్పుడు తానే స్వయంగా వెళ్ళి, బాగా సాకినవాళ్ళకు బహుమతులు ఇచ్చేవాడట.

దూడకు విలువ పెంచడం అంటే ఏమిటో అమృత మహల్ పద్ధతి చూస్తే అర్థమవుతుంది. అక్కడి దూడ తల్లి వెంట అడవిలోనే తిరిగి దాదాపు అడవిమృగంలా పెరిగేది. దానికి పాలు కరువు ఉండదు, ఎందుకంటే ఆ ఆవులను ఎక్కువగా దూడ కోసమే వదిలేవారు. కోడె వయసు వచ్చాక చలికాలం చూసి విత్తులు కొట్టించేవారు. తరువాత దాన్ని పట్టి గట్టి గుంజకు కట్టి, పొగరు దిగేవరకు ఉంచేవారు. ఆ తరువాత నెమ్మదైన ముసలి ఎద్దుకు జతగా కాడి కట్టి నడక నేర్పేవారు. ఏడేళ్ళ వయసుకు దానికి పూర్తి బలం వస్తుంది. అంటే పుట్టిన దూడను ఫిరంగి దగ్గరకు చేర్చడానికి ఏళ్ళ తరబడి మేత, మనిషి, ఓర్పు కావాలి. ఆ ఓర్పు రాజు ఖజానాకు ఉండేది. అయితే, శ్రోతలారా, ఒక మాట మరచిపోకూడదు. కావళ్ళ చుట్టూ ఉన్న ఊళ్ళ రైతుకు ఆ గడ్డిమీద స్వేచ్ఛ లేదు. విలువ పెరిగింది నిజమే. అది రాజుగారి విలువ.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ మందలు ఆంగ్లేయుల వశమయ్యాయి. ఆర్థర్ వెల్లెస్లీ, అంటే తరువాతి కాలపు డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్, మరాఠాల మీద యుద్ధానికి పోయినప్పుడు ఈ మైసూరు ఎద్దులనే నమ్ముకున్నాడు. ఇంత విలువ తెలిసిన ప్రభుత్వమే 1860లో ఖర్చు తగ్గించుకోవాలని మందలన్నిటినీ అమ్మేసింది. ఆరేళ్ళు తిరగకముందే తప్పు తెలిసింది. సైన్యానికి తగిన ఎద్దులు దొరకలేదు. 1866లో మళ్ళీ మందను కూడబెట్టడం మొదలుపెట్టారు. 1882లో ఆ మందను మైసూరు మహారాజావారి ప్రభుత్వానికి అప్పగించారు. చిక్కమగళూరు జిల్లా అజ్జంపురలో అమృత మహల్ పశు పెంపక కేంద్రం ఉంది. ఒక్క కలంపోటుతో అమ్మిన మందను తిరిగి కూర్చడానికి ఎన్ని ఈతలు, ఎన్ని తరాలు పట్టిందో ఆలోచించండి. మనం ఈనాడు ఆలోచించవలసిన విషయం కూడా ఇదే కాబట్టి, ఆ 1860 సంవత్సరాన్ని గుర్తుంచుకోండి.

ఇక రాజుల సంగతి వదిలి మన ఊళ్ళకు వద్దాం.

రైతు దగ్గర కావళ్ళు లేవు, ఖజానా లేదు. అయినా అమృత మహల్ చేసిన పనినే రైతులు తమలో తాము పంచుకొని చేశారు. ఒకరు ఆవును మేపి దూడను పుట్టించేవారు. ఇంకొకరు ఆ దూడను కొని సాకేవారు. మూడోవారు దాన్ని కొని సేద్యం చేసేవారు. తుమకూరు, మండ్య వైపు హళ్ళికార్ దూడలు ఎక్కువగా పుట్టేవి. బెంగుళూరు, కోలారు వైపు రైతులు వాటిని కొని సాకేవారు. పెరిగిన ఎద్దులు రాయలసీమకు, తమిళనాడుకు పోయేవి. మనమంతా సరిహద్దు అనుకునే చోట ఉన్న రైతుకు ఈ వ్యాపారంలో నడిమధ్య స్థానం దక్కింది. దొడ్డబళ్ళాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్యంలో పుష్యమాసంలో పరస. మాఘంలో శివరాత్రికి అవని పరస. కోతలు అయిపోయి, కళ్ళాల్లో గడ్డివాములు పడి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం అది. ఉగాది దాటితే దుక్కులు మొదలవుతాయి. కాబట్టి అమ్మేవాడికీ కొనేవాడికీ ఆ రెండు మూడు నెలలే అదను. ఒక పరసలో అమ్ముడుపోని జత ఇంకో పరసకు నడిచి వెళ్ళేది.

మా తాత అవని పరసలో ఏటా ఒక జత దూడలను కొనేవాడు. ఏడాదో, రెండేళ్ళో సాకి, మళ్ళీ అదే పరసలో అమ్మేవాడు. ఆయన ఏం చేసేవాడో చెబుతాను, మీ ఇళ్ళలో కూడా పెద్దలు ఇదే చేసి ఉంటారు. తెచ్చిన వారానికి నట్టల మందు. పొద్దున్నే నానేసిన ఉలవలు, లేదా ఉడికించిన ఉలవలు. రాగి గడ్డి, శెనక్కాయ కట్టె, కాస్త గానుగ చెక్క. పచ్చిగడ్డి దొరికిన నాడు పండుగే. దూడ ముట్టె వరకు చేయి వేసి నిమిరి మచ్చిక చేసేవాడు. తగిన వయసులో ముక్కు కుట్టి ముకుతాడు వేసేవాడు. రెండు పళ్ళు వేసే వయసుకు ఖాళీ బండికి కట్టి ఊరి చుట్టూ తిప్పేవాడు. బరువు మాత్రం పెట్టనిచ్చేవాడు కాదు. "మెడ ముదరకముందే కాడి మోపితే ఎద్దు గాదురా, కట్టెపుల్ల అవుతుంది" అనేవాడు. ఈ లోపల పెంట మా చేనికి ఎరువు. తేలిక దుక్కి మా చేనికి లాభం. అమ్మినప్పుడు వచ్చేది దాని మీద లాభం.

పరసలో మొదట చూసేది నోరు. పాలపళ్ళు పడి రెండు పెద్ద పళ్ళు వచ్చేది రెండు, రెండున్నర ఏళ్ళకు. నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, తరువాత ఎనిమిది పళ్ళు వచ్చేసరికి నాలుగున్నర, అయిదేళ్ళు. చదువు రాని రైతుకు పశువు నోరే జనన ధ్రువీకరణ పత్రం. ఆ తరువాత సుడులు, గిట్టలు, మోపురం, కొమ్ముల తీరు, నడక. చివరికి బేరం. బేరం ఎలా జరిగేదో మీకు తెలుసు. దళారి తువ్వాలు పరిచి దాని కింద అమ్మేవాడి చేయి పట్టుకుంటాడు. వేళ్ళు నొక్కి ధర చెబుతాడు. ఒక వేలు వందా, వెయ్యా అన్నది ముందే అనుకుంటారు. చుట్టూ ఇరవై మంది నిలబడి ఉన్నా ధర ఎవరికీ తెలియదు. మొదట ఇది ఎంత చక్కని పద్ధతి, ఎవరి పరువూ పోదు అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక ఇంకొకటి అర్థమైంది. ధర నలుగురికీ తెలియకపోవడమే దళారికి పెట్టుబడి.

1992 శివరాత్రికి నాకు పదేళ్ళు. తాతతో పరసకు వెళ్ళాను. ఆ ఏడు మా దూడల్లో ఒకటి జబ్బుచేసి చనిపోయింది. రెండోది చక్కటి దూడ, బూడిద వన్నె, పొడుగు కొమ్ములు. ఒంటి దూడ కావడంతో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎవరూ మంచి ధర చెప్పలేదు. చివరికి ఒక దళారి తువ్వాలు కింద ఏదో చెప్పాడు. తాత ఒప్పుకొన్నాడు. మేము చెరకు రసం తాగి, గుడికి వెళ్ళి, తిరిగి వచ్చేసరికి మా దూడ ఇంకో చోట కట్టి ఉంది. దాని పక్కన అచ్చం అలాంటిదే ఇంకో దూడ. అదే వన్నె, అదే ఎత్తు, అదే కొమ్ములు. ఎవరో ధర్మపురి వైపు రైతు ఆ జతను కొని గజ్జెలు కడుతున్నాడు. తాత పోయి ఎంతకు కొన్నావు అని అడిగాడు. అతను చెప్పిన మాట విని మాట్లాడకుండా తిరిగి వచ్చాడు. దారిలో ఒక్క మాట అన్నాడు. "నేను దూడను అమ్మినాను రా. వాడు జతను అమ్మినాడు."

శ్రోతలారా, పశువుల వ్యాపారం గురించి నాకు తెలిసిన పెద్ద పాఠం అదే. ఆ దళారి మా దూడకు గుప్పెడు గడ్డి కూడా వేయలేదు. కానీ పరసలో తిరిగి దానికి జోడు వెతికాడు. కొనేవాడికి కావలసింది జత అని తెలుసుకున్నాడు. అతని తెలివికి అతనికి డబ్బు వచ్చింది. దాన్ని మోసం అనలేం. కానీ ఏడాది పాటు ఉలవలు ఉడికించిన మా అవ్వకు ఆ లెక్కలో భాగం రాలేదు. ఆ తరువాత మా తాత ఎన్నడూ ఒంటి దూడను అమ్మలేదు. జోడు కోసం అవసరమైతే మూడు పరసలు తిరిగేవాడు. 2003లో అలా కలిపి సాకిన ఒక జతను అమ్మిన డబ్బే నా బీఎడ్ చదువుకు ఫీజు అయింది. నేను ఈరోజు మీ ముందు మైకు దగ్గర కూర్చుని మాట్లాడుతున్నానంటే ఆ రెండు కోడెల పుణ్యం కొంత ఉంది.

ఇప్పుడు మనం సముద్రం దాటి ఒకచోటికి వెళదాం. మన పశువే అక్కడికి పోయి ఏమైందో చూద్దాం.

నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు తెల్లని పశువుల గురించి తెలియని తెలుగువాడు లేడు. వాటిని విదేశీయులు నెల్లూరు పేరుతో పిలిచారు. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఒక ఓడ బ్రెజిల్ దేశంలోని సాల్వడార్ రేవులో ఆగింది. అందులో ఉన్న ఒక జత ఒంగోలు పశువులను అక్కడే అమ్మేశారు. పదేళ్ళ తరువాత 1878లో మనోయెల్ లెంగ్రూబర్ అనే బ్రెజిల్ రైతు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఇంకో జతను కొని తెచ్చుకున్నాడు. ఆ తరువాత 1930లోనూ, 1960 ప్రాంతంలోనూ మన దేశం నుంచే నేరుగా మరికొన్ని వెళ్ళాయి. 1962లో వెళ్ళిన ఒక ఆంబోతును వాళ్ళు కర్వాడి అన్నారు. అది ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరు. ఈనాటికీ అక్కడి పశువుల వంశవృక్షాల్లో ఆ పేరు ముందువరుసలో ఉంటుంది.

మన దగ్గర ఆ జాతి నాగలికి, బండికి, పాలకు. అక్కడ అది మాంసానికి. ఇష్టమైనా కాకపోయినా ఇది చరిత్ర. బ్రెజిల్ వేడికి ఐరోపా పశువులు తట్టుకోలేదు, పిడుదులు వాటిని పీల్చేశాయి. తెల్లని వెంట్రుక, నల్లని తోలు, ముతక గడ్డితో బతికే కడుపు ఉన్న మన జాతి నిలబడింది. 1938 నుంచి వాళ్ళు ప్రతి మేలుజాతి దూడకూ తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్నది పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు. దూడను సాకే పనిని మూడు అంచెలుగా పంచుకొన్నారు. మొదటి అంచె, ఏడెనిమిది నెలలకు పాలు మాన్పించేవరకు. రెండో అంచె, బీడులో మేపి ఎముక పెరిగేవరకు. మూడో అంచె, బలమైన దాణా పెట్టి కండ పట్టేవరకు. ఒక్కొక్క అంచెకు ఒక్కొక్క రైతు, ఒక్కొక్క అమ్మకం, ప్రతి అమ్మకంలోనూ తూకం. మా తాత పరసలో చేసిన పని కూడా రెండో అంచెదే కదా! తేడా అల్లా ఏమిటంటే, వాళ్ళకు కాటా ఉంది, పుస్తకం ఉంది. మనకు తువ్వాలు ఉంది.

ఈనాడు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ గొడ్డుమాంసం ఎగుమతి చేసే దేశం బ్రెజిల్. అక్కడి మాంసపు పశువుల్లో అధికభాగం నెలోర్ రక్తం ఉన్నవే. 2023లో వయాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు భాగం వేలంలో అమ్మితే, ఆ లెక్కన మొత్తం ఆవు ఖరీదు 40 లక్షల డాలర్లు దాటింది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆవుగా అది గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మన పత్రికల్లో ఆ వార్త చదివి అందరం గర్వపడ్డాం. గర్వపడవలసిందే. కానీ నాకు మా తాత మాట గుర్తుకు వచ్చింది. మనం ఆంబోతులను అమ్మాం. వాళ్ళు జాతిని నిలబెట్టుకొని విలువ కట్టించుకున్నారు.

మరి మన దగ్గర ఏం జరిగింది? ఒకరిని తప్పు పట్టడానికి లేదు. ట్రాక్టరు వచ్చింది. పది రోజుల దుక్కి ఒక్క పూటలో అయిపోయింది. ఎద్దుల జతను ఏడాదంతా మేపి ఇరవై రోజుల పని చేయించుకోవడం చిన్న రైతుకు గిట్టలేదు. ఇంకోవైపు పాలు వచ్చాయి. 1974లో ప్రపంచ బ్యాంకు సాయంతో కర్ణాటకలో పాడి అభివృద్ధి పథకం మొదలైంది. ఊరూరా పాల సంఘాలు వెలిశాయి. కోలారు జిల్లాలో నీళ్ళు లేని ఊరైనా ఉంటుందేమో గాని పాల సంఘం లేని ఊరు అరుదు. సంకరజాతి ఆవులు వచ్చాయి. వారం వారం పాల డబ్బు ఆడవాళ్ళ చేతికి రావడం మామూలు మార్పు కాదు, నేను దాన్ని తక్కువ చేయను. అయితే సంకరజాతి కోడెదూడకు మోపురం లేదు. ఎండకు ఓర్చదు. కాడికి పనికిరాదు. దానికి పోసే పాలు సంఘంలో పోస్తే డబ్బు. దాంతో కోడెదూడ ఇంటికి బరువైంది.

అంకెలు చూడండి. 2012 పశుగణనలో దేశంలో మగ పశువులు, అంటే కోడెలు, ఎద్దులు, ఆంబోతులు కలిపి 6 కోట్ల 79 లక్షలు. 2019 పశుగణనలో 4 కోట్ల 74 లక్షలు. ఏడేళ్ళలో నూటికి ముప్ఫై తగ్గాయి. అదే ఏడేళ్ళలో ఆవులు, పెయ్యలు నూటికి పద్దెనిమిది పెరిగి 14 కోట్ల 51 లక్షలయ్యాయి. ఆవులు ఈనేటప్పుడు కోడె, పెయ్య దాదాపు సమంగానే పుడతాయి. మరి మిగతా కోడెదూడలు ఏమయ్యాయి? దీనికి జవాబు మనలో చాలామందికి తెలుసు. కొన్ని పాలు అందక తొలి నెలల్లోనే పోయాయి. కొన్ని దారి పక్కన వదిలిపెట్టబడ్డాయి. కొన్ని చీకట్లో అమ్ముడయ్యాయి. 1964 నాటి పాత చట్టం స్థానంలో కర్ణాటకలో 2020లో గోవధ నిషేధానికి మరింత కఠినమైన చట్టం వచ్చింది. దాని మంచిచెడ్డలు నా ప్రసంగ విషయం కాదు. కానీ అమ్ముడుపోని పశువును చివరిదాకా మేపే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న రైతు కొట్టంలోనే ఉండిపోయింది. ఆ పైన 2022లో పశువులకు ముద్దచర్మ వ్యాధి వ్యాపించినప్పుడు చాలాచోట్ల సంతలు, పరసలు ఆపవలసి వచ్చింది.

ఇప్పుడు 1860ని గుర్తు చేసుకోండి. అప్పుడు ప్రభుత్వం ఖర్చు ఎక్కువని మందను అమ్మి, ఆరేళ్ళకే నాలుక కరుచుకుంది. ఈనాడు అదే పని మనం ఇంటింటా చేస్తున్నాం. ఒక్కో ఇంటి లెక్క చూస్తే అది సరైన లెక్కే. అన్ని ఇళ్ళ లెక్కలు కలిపితే ఒక జాతి పోతుంది. పోయిన తరువాత కావాలంటే దొరకదు.

అలాగని ఎద్దుల కాలం తిరిగి వస్తుందని నేను చెప్పడం లేదు. చరిత్ర పాఠం చెప్పేవాడు అలాంటి ఆశలు చూపకూడదు. కానీ విలువ పూర్తిగా పోలేదు. 2017లో తమిళనాడు చట్టాన్ని సవరించుకున్నాక, 2023లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించాక, కృష్ణగిరి, హోసూరు వైపు ఎద్దుల పండుగల కోసం మంచి హళ్ళికార్ కోడెలను వెతుక్కుంటూ వస్తున్నారు. మన చిత్తూరు జిల్లా పొట్టి పుంగనూరు ఆవులకు ఒకప్పుడు అడిగేవాడు లేడు, ఇప్పుడు వాటి కోసం పోటీ. రెండు మూడు ఎకరాల మెట్ట చేలల్లో, ట్రాక్టరు తిరగని గట్ల మధ్య, వేరుశెనగ గుంటకకు, కలుపు పాపటానికి ఎద్దుల జత ఈనాటికీ అక్కరకు వస్తుంది. కాబట్టి మేలుజాతి దూడ పుట్టిన ఇంటివాళ్ళు మూడు పనులు చేయాలని నా మనవి.

మొదటిది, రాసుకోవడం. దూడ పుట్టిన తేదీ, తల్లి, కట్టించిన ఆంబోతు, వేయించిన టీకాలు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఇప్పుడు పశువు చెవికి పన్నెండు అంకెల బిళ్ళ వేస్తున్నారు. ఆ నంబరు కూడా రాయండి. గాలికుంటు టీకాలు ప్రభుత్వమే వేస్తున్నది. పుస్తకం ఉన్న దూడకూ, లేని దూడకూ కొనేవాడి నమ్మకంలో తేడా ఉంటుంది.

రెండోది, కొలవడం. కాటా లేకపోయినా దర్జీ టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ అంగుళాల్లో కొలవండి. ఆ అంకెను దానితోనే గుణించండి. భుజం మొన నుంచి పిరుదు ఎముక వరకు పొడవు కొలిచి దానితో గుణించండి. వచ్చినదాన్ని 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 50 అంగుళాలు, పొడవు 44 అంగుళాలు అయితే బరువు దాదాపు 167 కిలోలు. తువ్వాలు కింద వేళ్ళు నొక్కేవాడికి మన దగ్గర ఒక అంకె ఉందని తెలిస్తే వేళ్ళు కొంచెం జాగ్రత్తగా కదులుతాయి.

మూడోది, జత. మీ ఊళ్ళో మీ దూడకు జోడు ఎవరి కొట్టంలో ఉందో పరసకు పోకముందే తెలుసుకోండి. ఇద్దరూ కలిసి సాకి, కలిసి అమ్మి, వచ్చినది పంచుకోండి. ఆ దళారి మా దూడతో ఒక్క మధ్యాహ్నంలో చేసిన పని అదే. ఇరుగుపొరుగు ఇద్దరు రైతులు ఏడాదిలో చేయలేరా?

చివరిగా మా తరగతి అమ్మాయి ప్రశ్నకు వస్తాను. అవ్వ చెప్పింది ఆమె కాలపు నిజం, నాయన ముఖం ఈ కాలపు నిజం, ఇద్దరిదీ సరే అన్నాను. ఆ పిల్లకు అది చాలలేదు. "అయితే మా దూడను ఏం చేయమంటారు సార్?" అంది. వాళ్ళది నాటు ఆవే, దూడకు హళ్ళికార్ పోలిక ఉంది. టేపు ఇచ్చి నెలకోసారి కొలిచి రాసుకొని రమ్మన్నాను. తరగతి పిల్లలంతా లెక్క కడుతున్నారు. గణితం మాస్టారు సంతోషిస్తున్నారు. మూడు నెలలుగా అంకె పెరుగుతోంది. పోయిన వారం ఆ పిల్ల వచ్చి, పక్క ఊళ్ళో వాళ్ళ మేనత్త ఇంట్లో అదే వన్నె దూడ ఉందనీ, దాన్నీ కొలవడానికి టేపు ఇంకో వారం ఉంచుకుంటాననీ చెప్పింది. వాళ్ళ నాయన మేనత్త ఊరికి తానే తీసుకుపోతానన్నాడట.

ఉంచుకోమన్నాను.